లైనింగ్ లెదర్‌లో క్రోమియం సిక్స్: చెన్నైలో పాస్, జర్మనీలో ఫెయిల్

మాధవరం_క్రస్ట్:
గొర్రె తోలు, షూ లైనింగ్. ఇక్కడి ల్యాబ్‌లో క్రోమియం సిక్స్ (చర్మానికి ఎలర్జీ తెచ్చే క్రోమియం రూపం) కిలోకి 3 మి.గ్రా. హద్దు లోపే వచ్చింది. అదే లాట్ జర్మనీలో 6 చూపించింది. న్యూట్రలైజేషన్ (తోల్లోని ఆమ్లాన్ని తగ్గించడం) పీహెచ్ 6.8, ఫ్యాట్‌లిక్కర్‌లో (తోలుని మెత్తబరిచే నూనెల్లో) సగం చేపనూనె, రీట్యానింగ్ (రెండోసారి ట్యానింగ్) అంతా సింటాన్, అంటే కృత్రిమ టానిన్. మొదటి ట్యానింగ్‌కి మేం వాడింది క్రోమియం త్రీ పౌడరే. మరి సిక్స్ ఎలా వచ్చింది?

డ్రమ్ము_మేస్త్రి:
అది తోల్లోనే పుట్టిందండీ. చేపనూనెలోని అసంతృప్త కొవ్వు గాలి తగిలి పెరాక్సైడ్లుగా మారుతుంది, అవి త్రీని సిక్స్ చేస్తాయి. పీహెచ్ 6.5 దాటితే ఆ పని ఇంకా తేలిక. మన చెన్నై గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఇక్కడ సిక్స్ తక్కువ కనిపిస్తుంది. వేడెక్కిన కంటెయినర్‌లో, చలికాలం హీటర్లు పెట్టిన గోదాముల్లో తోలు ఎండిపోతే అంకె పెరుగుతుంది.

రెసిపీ ఇలా మార్చండి. గొర్రె తోల్లో సహజంగానే కొవ్వు ఎక్కువ, డీగ్రీజింగ్‌లో 3 శాతం లోపుకు దించాలి. న్యూట్రలైజేషన్ 5.5 దాటనివ్వొద్దు. చేపనూనె బదులు సింథటిక్ ఫ్యాట్‌లిక్కర్ వాడండి. రంగుకి ముందు తడపడానికి అమ్మోనియా వద్దే వద్దు. రీట్యానింగ్‌లో షేవ్‌డ్ వెయిట్ (చెక్కి మందం సరిచేశాక తోలు బరువు) మీద 2–3 శాతం మిమోసా లేదా తారా వేయండి, ఈ మొక్కల టానిన్లే ఆక్సీకరణను అడ్డుకునేవి. చివర ఫార్మిక్ యాసిడ్‌తో పీహెచ్ 3.5–4.0కి తెచ్చి బాగా కడగండి. ఆస్కార్బిక్ యాసిడ్ మాత్రం నమ్ముకోవద్దు. అప్పటికున్న సిక్స్‌ని తగ్గిస్తుందే గానీ రేపు పుట్టేదాన్ని ఆపదు.

ల్యాబ్_అడయార్:
సీఎల్‌ఆర్‌ఐకి (కేంద్ర తోలు పరిశోధన సంస్థకి) ఇచ్చినా ప్రైవేటు ల్యాబ్‌కి ఇచ్చినా, ఏజింగ్ (తోలుని పొడి వేడిలో ఉంచి పాతబరచడం) చేశాకే టెస్ట్ చెయ్యమని ఫారంలో రాయండి: 80 డిగ్రీలు, 24 గంటలు, 20 శాతం లోపు తేమ. నల్ల తోలైతే రంగు కూడా ద్రావణంలోకి దిగి కలర్ టెస్ట్‌ని తప్పుదారి పట్టిస్తుంది, తోల్లో క్రోమియం సిక్స్ కొలిచే ప్రమాణం ఐఎస్‌ఓ 17075లో రెండో భాగం, అంటే రంగుల్ని విడదీసి కొలిచే క్రొమటోగ్రఫీ అడగండి.

ఈ 3 మి.గ్రా. హద్దు యూరప్‌లో 2015 మే 1 నుంచి అమల్లో ఉంది, ప్రతిపాదించింది డెన్మార్క్. చెమటలో కరిగిన క్రోమియం సిక్స్ చర్మంలోకి దిగి ఒకసారి ఎలర్జీ పట్టిందంటే అది జీవితాంతం పోదు, ఆ తర్వాత ఇంకా చిన్న మోతాదుకే పాదాలు దురదపెట్టి పగులుతాయి. ఎండల్లో సాక్స్ లేకుండా చెప్పులేసుకునే మన ఊళ్లోనే ఈ జాగ్రత్త ఎక్కువ కావాలి. ఇక్కడి దుకాణాలకిచ్చే సరుక్కీ ఇదే రెసిపీ పెట్టండి, దయచేసి.

మాధవరం_క్రస్ట్:
గోదాములో ఉన్న పాత స్టాక్?

డ్రమ్ము_మేస్త్రి:
క్రస్ట్ (ఎండబెట్టి, ఇంకా ఫినిషింగ్ చేయని తోలు) అయితే అమ్మోనియా లేకుండా తడిపి, 3 శాతం తారా ఇచ్చి, ఫార్మిక్‌తో పీహెచ్ దించి, ఏజింగ్ టెస్ట్‌కి పంపండి. ఫినిషింగ్ అయిపోయిన తోలు మళ్లీ డ్రమ్ములో వేయడం కుదరదు. దాన్ని లాట్ వారీగా టెస్ట్ చేయించి, ఫెయిలైంది చర్మానికి తగిలే దేనికీ వాడకండి.