పేనుకొరుకుడు మచ్చ మీద వెంట్రుకలు నాటించవచ్చా?

కృష్ణాతీరం:
మా తమ్ముడికి 26 ఏళ్లు. తల వెనక రూపాయి బిళ్లంత పేనుకొరుకుడు మచ్చ, రెండున్నరేళ్లుగా పోవట్లేదు. ఉల్లిరసం, గురివింద గింజ అరగదీసి రాయడం, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు అన్నీ అయ్యాయి. ఒక క్లినిక్‌లో హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేస్తే సరిపోతుందన్నారు. సంబంధాలు చూస్తున్నాం. చేయించమంటారా?

వరంగల్ అక్క:
వద్దండీ. పదకొండేళ్లుగా ఈ జబ్బుతో ఉన్నదాన్ని, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. మగవాళ్ల బట్టతలకి నాట్లు పనిచేసేది ఎందుకంటే, తల వెనక కుదుళ్లు ఎక్కడ నాటినా తమ రాలని గుణం నిలుపుకుంటాయి. ఓరెన్‌ట్రైక్ అనే న్యూయార్క్ డాక్టరు 1950ల్లోనే చూపించారు. మనది వేరు. పేరులోనే పేను, కారణం పేను కాదు. మన ఒంటి రక్షణ కణాలే కుదుళ్ల మీద పడుతున్నాయి. నాటిన కుదుర్ని మాత్రం అవి ఎందుకు వదులుతాయి? తెగులు తగ్గని మడిలో మళ్లీ నాటు వేసినట్టే. పైగా ఆ పాత కుదుళ్లు చావలేదు. నాకు ఆరేళ్ల మచ్చలో ముందు తెల్లని నూగు వచ్చింది, తర్వాత నల్లబడింది.

మూసీ ఒడ్డు:
అక్కా, అందరికీ వద్దనకండి. ఏళ్ల తరబడి కొత్త మచ్చ రాక, జబ్బు నిలకడగా ఉన్నవాళ్లకి నాటినవి నిలిచాయని వైద్య పత్రికల్లో కేసులు వచ్చాయి. మా స్నేహితుడు నాలుగేళ్లు ఆగి కనుబొమకి చేయించుకున్నాడు. రెండేళ్లయింది, బాగుంది. రోజూ అద్దం ముందు నిలబడే మనిషి బాధ కూడా లెక్కే కదా?

వరంగల్ అక్క:
లెక్కే తమ్ముడూ, ఆ బాధ నాకు తెలుసు. మీ స్నేహితుడికి నిలిచినందుకు సంతోషం. కానీ అవి విడివిడి కేసులు. జబ్బు మళ్లీ లేస్తే నాటినవీ రాలతాయి, డబ్బూ పోతుంది. ఈ జబ్బులో రక్షణ కణాల దాడిని తగ్గించే బారిసిటినిబ్ మాత్రకి 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది, అయితే అది తల చాలాభాగం ఊడిన పెద్దవాళ్లకి. ముందు టీబీ పరీక్ష చేస్తారు, ఆపితే మళ్లీ రాలొచ్చు. ఒక్క మచ్చకి అంతదూరం ఎందుకు?

కృష్ణాతీరం గారూ, ఒకటి చెప్పండి. చర్మాన్ని పెద్దదిగా చూపే డెర్మోస్కోపుతో చూశారా? కుదురు దగ్గర సన్నబడి ఆశ్చర్యార్థకం గుర్తులా (!) ఉన్న పొట్టి వెంట్రుకలు కనిపిస్తే జబ్బు ఇంకా నడుస్తోందని. అసలు రంధ్రాలే లేకుండా నున్నగా ఉంటే అది పేనుకొరుకుడు కాకపోవచ్చు, చర్మం ముక్క తీసి చేసే బయాప్సీ పరీక్ష అడగండి.

కృష్ణాతీరం:
ఎవరూ చూడలేదండీ. క్లినిక్‌లో దూరం నుంచి చూసి, ఎన్ని కుదుళ్లు కావాలో లెక్క రాసిచ్చారు. అడ్వాన్స్ ఇంకా కట్టలేదు. శనివారం చర్మవైద్యుల దగ్గరికి తీసుకెళ్తున్నా.