వరద డబ్బులు అమ్మ అకౌంట్‌లో పడితే కౌలు మామ సంగతేంటి?

హైదరాబాద్ నిజాంపేటలో ఉంటాం. ఖమ్మం దగ్గర మున్నేరు పక్క ఊళ్లో అమ్మ పేరు మీద 3 ఎకరాలు ఉంది. నాన్న పోయాక ఊళ్లోనే ఒకాయనకు కౌలుకిచ్చాం, వరసకు మామ అవుతాడు. ఎకరాకు 12 వేలు, ఉగాదికే తీసేసుకున్నాం. కాగితం ఏమీ లేదు, నోటిమాటే. 2024 సెప్టెంబరు 1 వరదకు పత్తి మొత్తం పోయింది, ఒక ఎకరంలో ఇసుక మేట వేసింది. ప్రభుత్వం ఎకరాకు 10 వేలు అంటోంది కదా, పాస్‌బుక్ అమ్మది కాబట్టి 30 వేలూ మాకే పడతాయని మా అన్న లెక్కలేస్తున్నాడు. మామ నిన్న ఫోన్ చేసి డబ్బు మాటే ఎత్తలేదు, "మన చేను రాశారో లేదో కనుక్కో అల్లుడూ" అన్నాడంతే. నష్టం లిస్టులో ఆయన పేరు రాయించే దారి ఉందా?

మానుకోట పిల్లోడు: ముందు ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) చేలోకి వచ్చే రోజు కనుక్కుని మామను అక్కడ ఉండమనండి. 2023 మార్చి వడగళ్లకు కూడా ఎకరాకు 10 వేలు ప్రకటించి కౌలు రైతులకూ ఇస్తామన్నారు. అప్పుడు మా ఊళ్లో ఓనరు ఫోన్లో సరే అంటేనే కౌలు చేసేవాళ్ల బ్యాంకు నంబరు రాసుకున్నారు, ఓనరు ఫోన్ ఎత్తని చోట వాళ్ల పేరే పడింది. మీరు ఫోన్ ఎత్తండి చాలు. ఇసుక మేట విడిగా రాయించడం మర్చిపోవద్దు, కేంద్రం లెక్కలో అది వేరే పద్దు, 3 అంగుళాలకు మించి ఉంటే హెక్టారుకు 18,000. పంట అయితే 33 శాతం పైన పోవాలి, వర్షాధారానికి హెక్టారుకు 8,500, నీటి వసతి ఉంటే 17,000, అంటే ఎకరాకు 7 వేలు కూడా రాదు. పైగా మన దగ్గర ఫసల్ బీమా, అంటే కేంద్రం పంటల బీమా, 2020లోనే ఆగిపోయింది, ఈ లిస్టులో పేరు లేకపోతే ఇంక దిక్కు లేదు.

కూకట్‌పల్లి రాజు: పాస్‌బుక్ ఎవరిదైతే డబ్బు వాళ్లది, అంతే. ఒకసారి ఆయన పేరు ఎక్కితే రేపు భూమి నాదే అంటాడు, అప్పుడు ఏడుస్తావ్ బ్రో.

మానుకోట పిల్లోడు: నష్టం లిస్టు పట్టా కాదు రాజుగారూ. ఈ భయంతోనే హైదరాబాద్ ఓనర్లు ఒక్కరూ నోరు విప్పరు. రైతుబంధు కూడా ఇన్నేళ్లూ ఓనరుకే పడింది, విత్తనం, ఎరువు, మందు అప్పు మాత్రం కౌలు చేసేవాడిది.

తెనాలి అక్క: మా ఏపీలో 2019 చట్టం కింద 11 నెలల సాగు హక్కు కార్డు ఇస్తారు, కానీ దానికీ ఓనరు సంతకం కావాలి. మా ఊళ్లో సంతకం పెట్టినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు! పేరు రాయించలేకపోతే డబ్బు పడిన రోజే మామకు ఫోన్‌పే చేసెయ్ నాయనా, వారం ఆగితే మీ అన్న లెక్కలు మొదలవుతాయి.

అడిగినవాణ్ని: థ్యాంక్స్. ఏఈవో ఎల్లుండి వస్తాడట, సెలవు పెట్టి అమ్మను తీసుకుని వెళ్తున్నా. ఇందాక అమ్మతో ఈ 30 వేల గురించి మాట్లాడుతుంటే, "మరి ఉగాదికి తీసుకున్న కౌలో?" అంది. ఆ సంగతి నాకసలు తట్టనే లేదు.