సీయోను వేరు, జియోనిజం వేరు: పిలకాయలకి ఎట్టా విడమరచాలి?

శబ్బాతు దీపం, ఒంగోలు:
ఇక్కడ తొమ్మిదిమంది పిలకాయలు ఉన్నారు, 13 నుంచి 17 ఏళ్లవాళ్లు. అంతా కొత్తరెడ్డిపాలెం వైపు నుంచి వచ్చిన యూదు ఆచారాలు పాటించే బెనె ఎఫ్రాయిం కుటుంబాలే. జియోనిజం (యూదులకి వాళ్ల పూర్వీకుల నేల మీద సొంత దేశం ఉండాలనే ఉద్యమం) మాటెత్తితే సగంమంది "మనమెప్పుడు ఇజ్రాయెల్ పోతాం?" అంటారు. మిగతావాళ్లు ఫోన్లో చూసిన గాజా వీడియోల మీద గొడవపడతారు. ఎవరి మనసు వాళ్లు తేల్చుకునేట్టు నాలుగు వారాలు ఎట్టా నడపాలి? శనివారం సాయంత్రాలు ఖాళీ.

కందుకూరు మాస్టారు:
శనివారమైతే మూడు చుక్కలు పొడిచి హవ్దాలా (శబ్బాతును ముగించే ప్రార్థన) అయ్యాకే మొదలుపెట్టండి, ఇందులో రాతపని ఉంది, శబ్బాతులో రాయకూడదు కదా.

మొదటి వారం మాటలు విడదీయండి. మన జిల్లాలో ఇది తప్పదు. బాప్టిస్టు మిషన్ నాటి నుంచి ఇక్కడ సీయోను అంటే పరలోకం. మీ పిల్లలు స్నేహితుల నోట, చర్చి మైకులో వినేది అదే. యూదులు రోజుకు మూడుపూటలా చదివే అమీదా ప్రార్థనలో సీయోను మాత్రం యెరూషలేమే, రాయీ మట్టీ ఉన్న ఊరు. జియోనిజం అనే పేరు 1890లో నాథన్ బిర్న్‌బామ్ పెట్టింది. 1897లో పాత్రికేయుడు హెర్జల్ స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో సభ పెట్టాక అది సంస్థగా నిలబడింది. అదే ఏడు విల్నాలో (ఇప్పటి లిథువేనియా) పుట్టిన బుండ్ అనే యూదు కార్మిక సంఘం మాత్రం 'ఉన్నచోటే మన హక్కులు' అంది. యూదులంతా ఎప్పుడూ ఒకే మాట మీద లేరని పిల్లలకి అక్కడే అర్థమవుతుంది.

తర్వాత నాలుగు అట్టలు పరచండి: ప్రజ, నేల, ప్రార్థన, రాజ్యం. ఒక్కొక్కరికి పది చింతగింజలు ఇచ్చి, ఏది తనకెంత దగ్గరో అన్ని గింజలు పెట్టమనండి. ముందు అంకెలు చీటీలో రాయించి మడిపించాలి. లేకపోతే 17 ఏళ్లవాడు పెట్టింది చూసి చిన్నవాళ్లంతా అట్నే పెడతారు. చీటీలు దాచి, నాలుగో వారం మళ్లీ పెట్టించి పక్కపక్కన చూపించండి.

పెన్నా ఒడ్డు, నెల్లూరు:
అన్నా, "ఎప్పుడు పోతాం" అనేదాన్ని పక్కకు నెట్టొద్దు, రెండో వారమంతా దానికే ఇవ్వండి. యూదులకి అక్కడికొచ్చి స్థిరపడే హక్కిచ్చే ఇజ్రాయెల్ తిరిగిరాక చట్టం 1950 జులై 5న వచ్చింది. 1970 సవరణ యూదుల మనవల దాకా ఆ హక్కు ఇచ్చింది. 2005లో మణిపూర్, మిజోరంలలో తాము ఇజ్రాయెల్ వంశమని చెప్పుకునే బ్నెయి మెనాషెలను ఇజ్రాయెల్‌లోని సెఫార్డీ యూదుల ప్రధాన రబ్బీ (మతగురువు) ష్లోమో అమార్ ఆ వంశస్థులుగా గుర్తించారు. బెనె ఎఫ్రాయింకి అట్లాంటి గుర్తింపు రాలేదు. ఇది దాస్తే ఒకడు "వాళ్లకి మనం అక్కర్లేదు, మనకీ వాళ్లు వద్దు" అంటాడు. ఇంకొకడు గట్టిగా జెండా ఊపితే చేర్చుకుంటారనుకుంటాడు. రెండూ సొంత అభిప్రాయాలు కావు, గాయాలు. కొంకణ్ తీరపు యూదులైన బెనె ఇజ్రాయెల్ వాళ్లు అక్కడికి వెళ్లాక కూడా పెళ్లిళ్ల విషయంలో రబ్బీలతో 1964 దాకా పోరాడాల్సొచ్చిందని చెప్పండి. ఒక దేశాన్ని ప్రేమించడం, ఆ దేశం మనల్ని ఒప్పుకోవడం వేర్వేరని అప్పుడు తెలుస్తుంది.

కావలి రీడర్:
మూడో వారం ఫోన్లు బుట్టలో వేయించి కాగితాలు చదివించండి. 1948 మే 14 ఇజ్రాయెల్ స్వాతంత్ర్య ప్రకటనలో మతం, జాతి, స్త్రీపురుష భేదం లేకుండా సమాన హక్కులన్న భాగం ఒకటి. అప్పటి అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంలో సుమారు 7 లక్షల పాలస్తీనీయులు ఇళ్లు పోగొట్టుకున్న సంగతి ఒకటి. 1938 నవంబరు 26 'హరిజన్'లో గాంధీ రాసింది మూడోది: యూదుల మీద సానుభూతి ఉంది, పాలస్తీనా మాత్రం అరబ్బులదేనన్నారాయన. ఒక్కోటి ఒక పేజీ దాటనివ్వొద్దు. పైకి చదివాక ఐదు నిమిషాలు మౌనం. నచ్చిన వాక్యం కింద ఒక గీత, గుచ్చుకున్న వాక్యం కింద రెండు గీతలు. చేతులెత్తించి ఓటు మాత్రం పెట్టొద్దు, పెడితే ఓడినవాళ్లు తర్వాతి వారం నోరు మెదపరు. మీ అభిప్రాయం అడిగితే నాలుగో వారం చివర్లో చెప్పండి.

శబ్బాతు దీపం, ఒంగోలు:
మాస్టారూ, ఒకడు పదికి పది గింజలూ 'ప్రార్థన' మీదే పెట్టి, రాజ్యంతో నాకేం పని అంటే?

కందుకూరు మాస్టారు:
అట్లాగే ఉంచండి. తొలి రోజుల్లో ఎంతోమంది సనాతన రబ్బీలు పట్టుకున్న వైపే అది, సత్మార్ హసీదులనే యూదు వర్గం వాళ్లు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. వాణ్ని ఒక్కటే అడగండి: ప్రార్థనకి పడమటి వాయవ్యంగా తిరిగి నిలబడినప్పుడు కళ్ల ముందు కనపడేది ఏ ఊరని. జవాబు చీటీలో రాసుకోమనండి, చదివి వినిపించక్కర్లేదు.