చెయ్యి పోతే మెదడులో చేతి మ్యాప్ చెరిగిపోతుందా?

పాతసైకిల్:
మా బాబాయికి మిల్లు ప్రమాదంలో కుడిచెయ్యి మోచేతి దాకా పోయి పదకొండేళ్లు. ఇప్పటికీ లేని బొటనవేలు దురద పెడుతోందంటాడు. "మెదడులో చేతి చోటుని ముఖం ఆక్రమించుకుంది, అందుకే" అన్నాడు ఫిజియోథెరపిస్టు. 1990ల్లో నాడీశాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ గారు చెప్పిందీ ఇదే: చెంప తాకితే లేని చేతిని తాకినట్టుంటుందని. 2025లో నేచర్ న్యూరోసైన్స్‌లో వచ్చిన పరిశోధన మాత్రం మ్యాప్ చెక్కుచెదరలేదంటోంది. ఏది నమ్మాలి?

స్కానర్‌గది:
2025దే నమ్మండి. అంతకుముందు ఎక్కువగా చెయ్యి పోయినవాళ్లను చెయ్యి ఉన్న వేరేవాళ్లతో పోల్చేవారు. 2025 బృందం ముగ్గురిని చెయ్యి తీసేయకముందూ, తీసేశాకా స్కాన్ చేసింది. వేళ్లు కదిలిస్తే ముందు ఎక్కడ వెలిగిందో, లేని వేళ్లు కదిలించబోయినా దాదాపు అక్కడే వెలిగింది. పెదవుల చోటు అటు జరగలేదు. 2016లోనే 7 టెస్లా స్కానర్‌లో (చాలా శక్తిమంతమైన ఎమ్మారై), చెయ్యి పోయి దశాబ్దాలైనవాళ్లకి కూడా వేలివేలికీ విడి చోటు కనిపించింది.

గడుసుపిల్ల:
స్కానర్‌గది గారూ, "కదిలించబోతే" వెలిగిందన్నారు, తాకితే కాదు! తాకడానికి చెయ్యే లేదాయె. 2019లో 7 టెస్లాతోనే 3బి అనే స్పర్శ ప్రాంతాన్ని పొరపొరలుగా చూశారు. వేలిని నిజంగా తాకితే మధ్యపొర స్పందించింది. తాకబోతున్నారని మెదడు ఎదురుచూస్తే పైపొరలూ అడుగుపొరలూ స్పందించాయి. అంటే బయటి నుంచి కబురు రాకపోయినా ఆ చోటు వెలగగలదు. స్విచ్‌బోర్డు గోడకి ఉన్నంతమాత్రాన లైన్లో కరెంటు ఉన్నట్టేనా?

పైగా 1991 నాటి కోతుల మాటేమిటి? చేతి నుంచి వచ్చే స్పర్శ నరాలు తెంచి పన్నెండేళ్లయ్యాక, గడ్డం తాకితే చేతి చోటు స్పందించింది. అది ఎలక్ట్రోడ్‌తో నేరుగా కొలిచింది, మీ స్కానర్‌లా మెదడులో రక్తప్రసారం మార్పుని బట్టి ఊహించింది కాదు.

స్కానర్‌గది:
రక్తం మాట ఒప్పుకుంటాను. ఒక్క మిల్లీమీటరు ముక్కలోనే వేలాది న్యూరాన్లుంటాయి, అవన్నీ మాకు ఒకే చుక్క. కానీ కోతుల కథ అక్కడితో ఆగలేదండీ. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో నీరజ్ జైన్ బృందం 2014లో వెన్నుపాము దెబ్బతిన్న కోతుల్ని చూసింది. మెదడు పైభాగమైన కార్టెక్స్‌లో ముఖం చోటుని మొద్దుబార్చినా చేతి చోటు గడ్డం స్పర్శకి పలుకుతూనే ఉంది. మెదడు అడుగున వెన్నుపాముతో కలిసే బ్రెయిన్‌స్టెమ్‌లో ఆపితే ఆగిపోయింది. అంటే ఆక్రమణ పై అంతస్తులో కాదు, కింద గేటు దగ్గర జరిగింది.

గడుసుపిల్ల:
గేటు దగ్గరైతే మాత్రం? గడ్డం కబురు చేతి గదికి చేరిందా లేదా? చేరింది. పాత మ్యాప్ ఉంది, కొత్త కబురూ వస్తోంది. రెండూ నిజం కాకూడదా?

పాతసైకిల్:
నిన్న బాబాయికి కళ్లు మూయించి దూదితో చెంప తాకాను. "చెంపేగా, ఏమైందిరా?" అన్నాడు. మొండిచేతి చివర, కుట్ల పక్కన తాకితే మాత్రం ఉలిక్కిపడి "చూపుడువేలు" అన్నాడు. దీనికేమంటారు ఇద్దరూ?