ఇగురు కాదు, ఇగురం

"ఇగురం" అనే తెలంగాణ మాటకు కోస్తాలో సరిజోడు మాట ఏదన్నా ఉందా? పెళ్ళైనప్పటి నుంచి వెతుకుతున్నాను, దొరకలేదు.

నేను పుట్టి పెరిగింది తెనాలి టౌనులో. కాపురం పెట్టింది సిద్దిపేట దగ్గర ఒక పల్లెలో. మా ఆయన కూడా ఇంటర్ నుంచి హాస్టళ్ళలోనే ఉండి, తర్వాత ఉద్యోగమంటూ హైదరాబాదులో తిరిగినవాడు. మామయ్యకు ఒంట్లో బాగోక, పత్తి చేను, మక్కచేను చూసుకోవడానికి పెళ్ళైన నెలకే ఇద్దరం ఊరికి చేరాం. పేరుకు ఆయన సొంతూరే గానీ, ఊరి మాట ఆయనకూ సగమే వచ్చు.

మొదటి వారం వంకాయ కూర పొయ్యి మీద పెట్టాను. అత్తమ్మ నూనె సీసా చేతికిస్తూ, "నూనె ఇగురంగ పొయ్యి బిడ్డా" అని దొడ్లోకి వెళ్ళింది. తెనాలి పిల్లకు ఇగురంటే ఏం గుర్తొస్తుంది? కోడి ఇగురు, రొయ్యల ఇగురు. నీరంతా ఇంకి, ముక్కకు మసాలా పట్టి, నూనె పైకి తేలాలి. నాలుగు గరిటెలు ధారాళంగా పోసి, సన్న సెగ మీద అరగంట ఇగరబెట్టాను. అత్తమ్మ వచ్చి గంజులోకి తొంగి చూసింది. ఒక్క మాట అనలేదు. సీసా వెలుతురుకు పట్టి ఎంత మిగిలిందో చూసి, మూత బిగించి పై అరలో పెట్టింది. తిట్టినా బాగుండేది. రాత్రంతా టెన్షన్. మా ఆయన్ని అడిగితే, "ఇగురంగ అంటే... ఇగురంగనే" అని అటు తిరిగి పడుకున్నాడు.

ఆ తర్వాత ఆ మాట రోజూ చెవిన పడేది. పాత చీరలతో బొంత కుట్టిన పక్కింటామెకు మస్తు ఇగురం. పండగకు అప్పు చేసి మేకను కోసినాయనకు ఇగురం లేదు. "జర ఇగురంగ బతకాలె" అని కొడుక్కి సుద్దులు.

పొదుపు అంటే సరిపోదా అనిపించొచ్చు. సరిపోదు. పిసినారికీ పొదుపుంటుంది, ఇగురం ఉండదు. ఒడుపు అందామా? అందులో చేతి నేర్పు ఉంది గానీ ముందుచూపు లేదు. ఉన్నదాంట్లో, లేదనిపించకుండా, తెలివిగా నెట్టుకురావడం ఇగురం.

పుట్టుక సంగతికొస్తే, నా లెక్కన ఇది "వివరం" నుంచే వచ్చింది. మాట మొదట్లో వి, వీ ఉంటే వాడుకలో వకారం జారిపోతుంది: విను ఇను అవుతుంది, వీపు ఈపు అవుతుంది. మధ్యలో వ, గ మారడం కూడా కొత్తేం కాదు, పవడం-పగడం, పవలు-పగలు రెండు రూపాలూ ఉన్నాయి. అలా ఇవరం, ఇగురం. మా అత్తమ్మ "ముచ్చట ఇగురంగ జెప్పు" అన్నప్పుడు పాత అర్థం అచ్చంగా వినిపిస్తుంది. తెనాలిలోనూ "వివరం తెలిసిన మనిషి" అంటాం కదా, అది ఇగురానికి చుట్టమే. కూర ఇగురుకు మాత్రం దీంతో సంబంధం లేదు, అది ఇంకిపోవడం. చిగురును ఇగురనడం, పంటి చిగుళ్ళను ఇగుళ్ళనడం మరో దారి.

నాగలికీ కాడికీ ఊరూరా ఉన్న పేర్లతో భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వ్యవసాయ పదకోశం 1962లో వచ్చింది. అత్తలు కోడళ్ళకు చెప్పే మాటలకూ అలాంటిదొకటి ఉంటే నాకు ఆ నూనె మిగిలేది.

మాట తేడా "మీరు" దగ్గరా వచ్చింది. నేను "అత్తయ్యగారూ, మీరు తిన్నారా" అన్నన్నాళ్ళూ ఆవిడ ముడుచుకునే ఉంది. "అత్తమ్మా, నువ్వు తిన్నవా" అనడానికి నాకు ఆరు నెలలు పట్టింది. నోరు తిరగక కాదు, మా అమ్మ పెంపకం అడ్డొచ్చి.

ఆ సంక్రాంతికి మా అమ్మ వచ్చింది. నేను మడిగట్టులో కూరగాయలు వేసి సంత ఖర్చు తగ్గించానని అత్తమ్మ మురిసిపోతూ, "నీ బిడ్డ మంచి ఇగురం గల్లది వదినే" అంది.

మా అమ్మ మొహం వెలిగిపోయింది. "అవును వదినగారూ, రొయ్యలైతే ఇంకా బాగా చేస్తుంది."