అమ్మ నీటికాసుల చికిత్స: చుక్కల మందా, లేజరా?

అందరికీ నమస్కారం. మా అమ్మగారికి 63 ఏళ్లు. బియ్యం ఏరేటప్పుడు చేటలో ఎడమ అంచున ఉన్న రాళ్లు ఆమెకు కనబడకపోవడం గమనించి పరీక్ష చేయించగా, నీటికాసులు (గ్లకోమా, అంటే కంటి నరం దెబ్బతిని చూపు తగ్గే జబ్బు) అని తేలింది. కంటి పీడనం ఎడమ కంటిలో 28, కుడి కంటిలో 24 పాదరస మిల్లీమీటర్లు ఉంది; సాధారణంగా అది 10 నుంచి 21 మధ్య ఉంటుందని చెప్పారు. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదాన్ని కాపాడుకోవడమే చికిత్స అని విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

మొదట టిమొలాల్ చుక్కలు రాశారు. ఆమెకు ఉబ్బసం ఉందన్న సంగతి అక్కడ ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. వారం తిరగకుండానే ఆయాసం, పిల్లికూతలు మొదలయ్యాయి. వేరే వైద్యురాలు ఆ మందు మాన్పించి, రాత్రిపూట ఒకసారి వేసే లాటనోప్రోస్ట్ ఇచ్చారు. ఇప్పుడు ఆయాసం లేదు కానీ, కళ్లు ఎర్రబడి మండుతున్నాయని ఆమె అప్పుడప్పుడు చుక్కలు వేసుకోవడం మానేస్తున్నారు.

చుక్కలకు బదులుగా కంటి పీడనం తగ్గించే ఎస్‌ఎల్‌టి అనే లేజర్ చికిత్స చేయించుకున్నవారు ఎవరైనా ఉంటే, పీడనం ఎంత తగ్గిందో, ఎంతకాలం నిలిచిందో దయచేసి తెలపండి. వెలుగు చుక్క కనబడగానే మీట నొక్కే దృష్టిక్షేత్ర పరీక్షలో అమ్మ కంగారుపడి ఊరికే నొక్కేశారు. ఆ ఫలితాన్ని నమ్మవచ్చా, మళ్లీ చేయించాలా? తోబుట్టువులకు, పిల్లలకు కూడా ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువంటున్నారు గనుక, 38 ఏళ్ల నేను ఏయే పరీక్షలు చేయించుకోవాలో కూడా చెప్పగలరు.