నాయనమ్మ ఫేటియా (లంబాడీ పావడా) మీది అద్దాల కుట్టును పాత జీన్స్ జాకెట్‌కు మార్చవచ్చా?

ప్రశ్న (దేవరకొండ నుంచి)

మా తండాలో నాయనమ్మ పెళ్లినాటి కాంచళి (రవిక), ఫేటియా ఇంకా ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఫేటియా గుడ్డ మడతల వెంట చీలిపోయింది కానీ, నడుము పట్టీ మీది అద్దాలు, గవ్వలు, ఎర్ర పసుపు దారాల కుట్టు చెక్కుచెదరలేదు. ఆ పట్టీని కత్తిరించి, నేను వాడడం మానేసిన జీన్స్ జాకెట్ వీపు మీద వేయించుకోవాలని ఉంది. టైలర్ మెషిన్ మీద కుడతానంటున్నాడు. పనితనం పాడవుతుందేమోనని భయంగా ఉంది, అసలు అలా కోయడం తగునా అన్న సందేహమూ ఉంది.

జవాబు (నల్గొండ, కుట్టుపని చేస్తాను)

అమ్మా, మెషిన్ మాత్రం వద్దు. ఈ అద్దాలకు రంధ్రాలు ఉండవు, చుట్టూ అల్లిన దారమే వాటిని పట్టి ఉంచుతుంది. సూది తగిలితే అద్దం పగులుతుంది, అల్లిక తెగితే ఊడి పడుతుంది. పట్టీని విడిగా కుట్టి ఫేటియాకు కలిపి ఉంటే కత్తెర పెట్టకుండా ఆ కలిపిన కుట్టును ఒక్కొక్కటిగా విప్పండి. వెనక బాగా ఉతికిన పాత నూలు చీర ముక్క వేసి, దానిని పట్టీ కన్నా వేలెడు వెడల్పుగా ఉంచి, ఆ అంచును మాత్రమే జాకెట్‌కు చేత్తో టాకాలు వేయండి. అప్పుడు జాకెట్ ఉతికే ముందు పట్టీని తీసి పెట్టుకోవచ్చు. జీన్స్ నీలం దిగుతుంది కనుక జాకెట్‌ను ముందే రెండు మూడు సార్లు ఉతకండి. పట్టీని మాత్రం నీళ్లలో ముంచకండి. తడి దూదిని ఎర్రదారం మీద అద్ది చూస్తే రంగు నిలుస్తుందో లేదో తెలుస్తుంది.

జవాబు (మహబూబ్‌నగర్ దగ్గరి తండా నుంచి)

చెల్లీ, నాయనమ్మను అడిగావా? మన పెద్దలు మిగిలిన గుడ్డపేలికలను కలిపి కుట్టి, వాటి మీదే పని చేసేవారు కాబట్టి పాతదానికి కొత్త రూపం ఇవ్వడం మనకు కొత్తేమీ కాదు. కర్ణాటకలోని సండూరు లంబాణీ (బంజారా) కుట్టుకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది, 2023లో హంపిలో జరిగిన జీ20 సమావేశం సందర్భంగా 1,755 లంబాణీ కుట్టుపని వస్తువులను ప్రదర్శించి గిన్నిస్ రికార్డు సాధించారు. అయినా మన వైపు, మిషన్ మీద చేసి, జిగురుతో అద్దాలు అంటించిన పట్టీలనే బంజారా పని అని అమ్ముతున్నారు, అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. మా అమ్మ నెల రోజులు కూర్చుని కుట్టిన పనిని ఒక దుకాణం ముక్కకింత అని లెక్కగట్టి తీసుకుంది, ఆమె పేరు ఎక్కడా రాయలేదు.

అందుకే నా సలహా ఇది. వీపు వైపు తాళ్లతో కట్టుకునే కాంచళి దొరకడం అరుదు, దానిని ముట్టుకోవద్దు. జాకెట్‌కు ఇంకా పని కావాలంటే తండాలో ఈ కుట్టు తెలిసినవాళ్లతో కొత్తగా చేయించి, కూలిని రోజుల లెక్కన ఇవ్వు.

అడిగినవారి మాట

ఇద్దరికీ కృతజ్ఞతలు. నాయనమ్మను అడిగాను. కాంచళిని అలాగే ఉంచమంది, పట్టీ కుట్టును తానే విప్పుతానని ఆదివారం రమ్మంది.